కౌజుపిట్టకు చిరునామా రాసినవాణ్ణి

మా సుగాలి తండాలో పుట్టి కవితల పుస్తకం అచ్చేసిన మొదటివాణ్ణి నేను. ఈ సంగతి ఎవరూ అడగకుండానే చాలామందికి చెప్పాను. కవితలు కొండల మీద, మేకల మీద. వ్యాసాలు మూఢనమ్మకాల మీద. గుంతకల్లులో రైల్వే ఉద్యోగులు కొందరు ఆదివారాలు పెట్టే చర్చల్లో ఒకే విద్య నేర్చుకున్నాను: ఎవరేమన్నా లేచి "ఆధారం చూపించండి" అనడం. పెండ్లి భోజనాల్లోనూ అదే అనేవాణ్ణి. బంధువులు నా పంక్తిలో కూర్చోవడం మానేశారు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి ప్రకృతి మీద శీర్షిక రాయమంది. పిట్టల గురించి నాకు తెలిసిందంతా మేకలు కాసే మా అమ్మ చెప్పిందే. శీర్షికలో మాత్రం "నా పరిశీలనలో" అని రాసేవాణ్ణి.

అప్పటికి రెండేళ్లుగా వానల్లేవు. మా మిట్టమీద కౌజుపిట్ట కూతే వినపడలేదు. మూడో ఏడు నాలుగు చినుకులు పడ్డాక అమ్మ నన్ను కొండవాలుకు తీసుకుపోయి, ఒక తంగేడు పొద దగ్గర ఆగి గడ్డంతో చూపించింది. నేలమీద, గడ్డిలో, ఏడు గుడ్లు. అవి పిల్లలైతే మిట్టకు మళ్లీ కౌజులొస్తాయని ఆమె ఆశ.

"ఈడనా?" అని వేలు చాపాను. నా చేతిమీద ఒక్కటిచ్చింది.

మేం మాట్లాడుకునేది మా బాసలోనే. ఇక్కడ మావైపు తెలుగులో పెడుతున్నాను.

"గూడును వేలెత్తి చూపిస్తే నిలవదప్పా. సొరపిందెకైనా అంతే."

"వేలికీ గుడ్డుకీ ఏం సంబంధమే?"

"గడ్డంతో చూపిస్తే నీదేమన్నా అరిగిపోతాదా?"

నాకు ఆ వారం వ్యాసం దొరికింది. వేలి భయాన్ని చీల్చి చెండాడాను. రుజువు లేకుండా రాస్తే నేనూ సోదె చెప్పేవాణ్ణే అవుతానని, గుమ్మఘట్ట వైపు ఏ బస్సెక్కాలో, ఏ బండ దగ్గర దిగాలో, తంగేడు పొద ఎన్ని అడుగుల దూరమో అన్నీ రాశాను. నమ్మనివాళ్లు వచ్చి చూసుకోవచ్చని సవాలు కూడా విసిరాను. అనంతపురం జిల్లాలో చాలామంది మనుషులకే అంత వివరమైన చిరునామా లేదు.

వచ్చారు. మొదట స్కూటర్ మీద ఇద్దరు పాఠకులు. నన్ను మెచ్చుకున్నారు కాబట్టి దగ్గరుండి చూపించాను. మూడోనాడు ఎవరో కూతతో అడవి కౌజుల్ని రప్పించే పెంపుడు కౌజును పంజరంలో, వలను చేతిలో పట్టుకుని ఆ వాలెక్కారని అమ్మకు తెలిసింది. మేం పోయేసరికి పొదకింద ఈకలు, పగిలిన గుడ్డొకటి. తక్కిన ఆరూ లేవు.

నాకు అప్పటికీ బుద్ధి రాలేదు. "చూసినావా, చేసింది వేలు కాదు, మనుషులు," అన్నాను.

"వేలొచ్చి గుడ్లెత్తుకపోతాదని నేనెప్పుడంటినప్పా? అది చూపించినతావుకి మనుషులొస్తారనే గదా పెద్దోళ్లు వద్దనిరి."

పెద్దలు నిజంగా అందుకే వద్దన్నారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మాట గొంతుదాకా వచ్చింది. ఆమె ఈకలు ఏరుతోంది. జీవితంలో మొదటిసారి ఒక చర్చలో నోరు మూసుకున్నాను.

మరుసటేడు అవతలి వాలునుంచి కౌజు కూసింది. శీర్షిక గడువు దగ్గర పడింది.

"యాడ కూస్తాండాదమ్మా?"

"ఏమోనప్పా, నాకు చెవులు సరిగా వినపడవు," అంది. అరమైలు దూరంలో మేకపిల్ల అరిస్తే పేరుతో సహా చెప్పే మనిషి.

ఆ వారం తొండల మీద రాశాను. చూడటానికి ఎవరూ రాలేదు.