వేలితో మేడను ఆపిన వదిన

మా వదిన ఒకసారి రెండంతస్తుల మేడ కూలిపోకుండా చూపుడువేలితో ఆపింది. చిన్నప్పటి మా కాన్వెంటు సిస్టరు ఎదుట నిలబెట్టి నిజం చెప్పమంటే మాత్రం మేడ కాదు, సింకు కింద పైపు అంటాను. వేలు మాత్రం నిజం.

వదిన బడిలో లెక్కల టీచరు. ఇంట్లో ఎక్కడ చుక్క పడినా, అరిగింది వాషరో వదులైంది నట్టో పక్కగదిలోంచే చెప్పేది. పాత బిస్కెట్ల డబ్బాలో వాషర్లు, తెల్ల టేపు, ఒక స్పానరు దాచుకునేది. చుక్క పడిన రోజే డబ్బా తెరవాలని ఆవిడ పట్టుదల. రిటైరైన మా అన్నయ్యది వేరే పద్ధతి. కారేచోట గిన్నె పెడితే ఆయన లెక్కలో మరమ్మతు అయిపోయినట్టే.

కింది వాటాలో బైండింగు మేస్త్రి ఉండేవాడు. ఆ వారం కోర్టు పాత రిజిస్టర్లు కుట్టడానికి తెచ్చి సరిగ్గా వదిన వంటింటి కింద పేర్చాడు.

"వీటికి నకళ్లు లేవమ్మా. ఒక్కటి తడిసినా ఇక నాకెవరూ కాగితం ముక్క ఇవ్వరు" అని ముందే చెప్పుకున్నాడు.

మర్నాడు ఉదయం సింకు కింద టప్‌మంది. వదిన గిన్నె పెట్టి, "సాయంత్రం వచ్చి చూస్తాను, ముట్టుకోకండి" అని బడికెళ్లింది. ఆ చప్పుడుకి అన్నయ్యకు మధ్యాహ్నం కునుకు పట్టలేదు. జాయింటుకి దారం కట్టి కొస కిందికి వదిలాడు. చుక్క దారం పట్టుకుని చడీచప్పుడు లేకుండా జారింది. ఆయన హాయిగా పడుకున్నాడు.

సాయంత్రం వదిన గుమ్మంలోనే ఆగింది.

"చప్పుడేదండీ?"

"తగ్గిపోయింది."

"తగ్గడానికి అదేమన్నా జలుబా?"

వంగి చూస్తే గిన్నె పొడిగా ఉంది. దారం కొస గిన్నె దాటి గోడవార పగుల్లో పడుంది. అంతలో కిందనుంచి మేస్త్రి కేక.

"అమ్మా! పైకప్పు చెమరుస్తోంది!"

"రిజిస్టర్లు జరపండి!"

"మూడొందలున్నాయి, ఎన్నని జరపను?"

సింకు కింద వాల్వు బిగుసుకుపోయింది. బలంగా తిప్పబోతే నట్టు ఊడి నీళ్లు చిమ్మాయి. వదిన ఆ బొక్కలో వేలు దోపింది.

"డాబా ఎక్కి ట్యాంకు వాల్వు కట్టెయ్యండి, త్వరగా!"

అన్నయ్య సగం మెట్లెక్కి వెనక్కొచ్చాడు.

"నా చెప్పులేవీ?"

"నీళ్లాపడానికి చెప్పులెందుకండీ!"

"డాబా కాలుతుందే."

చెప్పులు దొరికేదాకా, ఆ తర్వాత వాల్వు దొరికేదాకా వదిన వేలు తియ్యలేదు. నీళ్లాగాక వాషరు మార్చి, టేపు చుట్టి, నట్టు చేత్తో బిగించి, స్పానరుతో ఇంకో పావు చుట్టు తిప్పింది. కింద ఒక్క చుక్కా రాలలేదు. మేస్త్రి పైకప్పు మీది పళ్లెమంత మరక చుట్టూ పెన్సిలుతో గీత గీసి, వారంపాటు రోజూ చూసుకున్నాడు. మరక గీత దాటలేదు. రిజిస్టర్లు పొడిగా కోర్టుకెళ్లాయి.

ఇదంతా రాసి వదినకు చదివి వినిపించాను. కళ్లజోడు తుడుచుకుంటూ వింది.

"నట్టు ఊడలేదు. వేలు పెట్టలేదు. వాషరు మార్చాను, పది నిమిషాల పని. మీ అన్నయ్యకు ముడెయ్యడమే రాదు, దారమెక్కడ కడతారు? అయినా ఆ రోజు నువ్వసలు ఊళ్లోనే లేవు."