గిలక్కాయ మోగితే

మా చిన్నోడు ఎడమ పాదం నేల మీద నుంచి ఎత్తాడు. దాన్ని దించి వెంటనే కుడిది ఎత్తాడు. మళ్ళీ ఎడమది. తర్వాత రెప్ప కూడా వేయకుండా బిగుసుకుపోయాడు. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే. ఆ కదలిక నాకు బాగా తెలుసు.

దెయ్యాల మాట ఎత్తితే నవ్వేదాన్ని నేను. మా చర్చిలో దురాత్మల్ని వెళ్ళగొట్టే ప్రార్థన జరుగుతుంటే, మా పెద్దమ్మాయి జెస్సీ హోంవర్క్ గురించి ఆలోచిస్తూ కూర్చునేదాన్ని.

మేము ఇబ్రహీంపట్నంలో అద్దెకుంటున్నాం. మా ఆయన ఎలక్ట్రికల్ ఇంజనీరు. మొన్న ఎండాకాలం దాకా నేను విజయవాడ దగ్గర ఒక కాలేజీ ల్యాబ్‌లో, ఎలుకల మీద చేసే పరిశోధనలో పనిచేశాను. మెదడులో ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఉంటుంది. భయం మనసులో మరీ లోతుగా పాతుకుపోకుండా అది బ్రేకులా అడ్డుకుంటుందని మా సార్ అంచనా. ఆ ఎంజైమును తయారుచేసే జన్యువు పనిచేయని ఎలుకలు భయాన్ని ఎంతకాలం గుర్తుపెట్టుకుంటాయో చూడాలి.

చేసేది చాలా సులువు. ఒక శబ్దం వినిపించి, వెంటనే పెట్టె అడుగున ఉన్న ఇనుప ఊచల్లోకి కొద్దిగా కరెంటు వదలాలి. ఎలుక పాదాలు ఒక్కొక్కటే ఎత్తుతుంది. కొన్నాళ్ళకు కరెంటు లేకపోయినా ఆ శబ్దం వింటే చాలు, బిగుసుకుపోతుంది. ఆ తర్వాత ఉత్త శబ్దమే వినిపిస్తూ పోతే మామూలు ఎలుకలు మెల్లగా మర్చిపోయాయి. ఆ జన్యువు పనిచేయనివి మర్చిపోలేదు.

పని మొదలయ్యే సమయానికి శబ్దం చేసే మిషన్ పాడైంది. కొత్తది వచ్చేదాకా ఆగలేక, కొండపల్లిలో కొన్న జెస్సీ చెక్క గిలక్కాయ పట్టుకెళ్ళాను. అదే చివరిదాకా వాడాం.

మర్చిపోని ఆ ఎలుకల్లో ఒక ఆడది ఉండేది. గుర్తు కోసం దాని నడినెత్తిన పసుప్పచ్చ రంగు చుక్క పెట్టాం. దాని పిల్లల్ని చంపి మెదడు పరీక్షకు తీసింది నేనే. ఆ రోజు నుంచి అది గిలక్కాయకు బిగుసుకోవడం మానేసింది. బోను కమ్మీల దాకా వచ్చి నిలబడేది. నేను గదిలో ఎటు వెళ్తే అటు తిరిగేది. చివరికి దాని వంతూ వచ్చింది.

పని ముగిశాక గిలక్కాయను మందు నీళ్ళతో కడిగి ఇంటికి తెచ్చాను. కడిగితే అన్నీ పోతాయని ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళకు ఒక నమ్మకం.

వానాకాలంలో ఒక రోజు తమ్ముణ్ణి ఆడించడానికి జెస్సీ దాన్ని ఊపింది. చిన్నోడు పాదాలెత్తింది అప్పుడే.

"ఏరా చిన్నోడా, డాన్సు కడుతున్నావా?" అని మా అత్తయ్య పగలబడి నవ్వారు.

"వాణ్ణి ఎత్తుకోండి అత్తయ్యా!" అని అరిచాను. ఆవిడ ఎత్తుకున్నారు. వాడి ఒళ్ళు కర్రలా ఉంది.

మర్నాడు తలస్నానం చేయిస్తూ అత్తయ్యే పిలిచారు. "ఏమ్మా, వీడి నెత్తిన పసుపెవరు రాశారు? మనింట్లో ఆ అలవాటు లేదుగా!" జుట్టు పాయ తీసి చూశాను. నడినెత్తిన పసుప్పచ్చ చుక్క. ఎంత సబ్బు రుద్దినా పోలేదు. ల్యాబ్ వదిలి అప్పటికి నెలలైంది.

"ఒళ్ళో పెట్టుకుని ఊరికే మోగిస్తూ ఉండు, వాడే మర్చిపోతాడు. నీ ఎలుకలకు చేసిందేగా!" అని మా ఆయన వెక్కిరించారు. వారమంతా అలాగే చేశాను. వాడు మర్చిపోలేదు. చివరికి ఆయనే గిలక్కాయను తీసుకెళ్ళి కాలవలో పారేసి వచ్చారు.

నిన్న సాయంత్రం అది మా వంటింట్లో మోగింది.

"అమ్మా, మళ్ళీ ఎందుకు తెచ్చారు దాన్ని?" అంది జెస్సీ. హాల్లో చిన్నోడు అప్పటికే పాదాలు ఎత్తుతున్నాడు. పరుగెత్తి వాణ్ణి ఎత్తుకున్నాను. నా అరికాళ్ళలో చురుక్కుమంది. ఒక కాలు ఎత్తాను. దాన్ని దించి రెండోది ఎత్తాను.

వంటింట్లో ఏమీ లేదు. మా ఆయన టెస్టర్ పట్టుకుని ప్రతి గోడా, ప్రతి ప్లగ్గూ చూశారు. "ఎక్కడా కరెంటు లీకేజీ లేదే. నేల తడిగా కూడా లేదు," అన్నారు. ఆ తర్వాత వెక్కిరించలేదు.

రంగు నా పాత ల్యాబ్ సంచి నుంచి అంటిందనుకోవచ్చు. చప్పుడు పక్కింటిదనుకోవచ్చు. అరికాళ్ళ చురుకు నా భయమే అనుకోవచ్చు. మరి ఎలుకనే చూడని పసివాడికి ఆ పాదాలెత్తడం ఎవరు నేర్పారు? ఒకటి మాత్రం అనిపిస్తోంది. ఆ పసుప్పచ్చ చుక్క ఎలుక పిల్లల్ని నేను చంపాను. అది నా పిల్లల్ని చంపడం లేదు. నేను దానికి నేర్పిందే వాళ్ళకు నేర్పుతోంది.

ఈ పొద్దున ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను. "గిలక్కాయ మోగితే ఏం చేస్తున్నా వదిలేసి మంచం ఎక్కేయండి. నేల మీద కాలు పెట్టకండి." జెస్సీ చేత రెండుసార్లు అప్పజెప్పించుకున్నాను, మర్చిపోకూడదని.