ముందు జిల్లా పేజీ

మా కిష్టవ్వ పెద్దమ్మ పేపరు చదవగా విన్నవాళ్ళకు ఇప్పటి టీవీ వార్తలు చప్పగా ఉంటాయి. నాకైతే ఒళ్ళు మండుతుంది కూడా. నేను కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో రక్త పరీక్షలు చేస్తాను. రోగులు కూర్చునే హాల్లో గోడకు ఒక టీవీ ఉంది. పొద్దస్తమానం అందులో నలుగురు చేరి ఒకేసారి అరుస్తుంటారు. ఎవరేమన్నారో వాళ్ళకూ తెలియదు, మనకూ తెలియదు. అది విన్నప్పుడల్లా మా ఊరి రేకుల షెడ్డు, తునికాకు వాసన, పెద్దమ్మ గొంతు గుర్తొచ్చి మనసు అటే లాగుతుంది.

మాది నిర్మల్ దగ్గర, వాగు ఒడ్డున చిన్న ఊరు. ఆ రోజుల్లో ఆడవాళ్ళంతా ఇంటి పనులు ముగించుకుని, చాటలు చంకన పెట్టుకుని షెడ్డుకు వచ్చేవాళ్ళు. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన ఆకు, తంబాకు, దారం. చేతులు బీడీలు చుడుతుంటే చెవులు ఖాళీయే కదా! ఆ ఖాళీ చెవుల కోసం పెద్దమ్మ పేపరు చదివేది. వాళ్ళలో ఏడో తరగతి దాకా చదివింది తనొక్కతే. కానీ పేపరు పట్టుకుంటే చేతులు ఆగుతాయి, కూలి పోతుంది. అందుకని వాళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్నారు. చదవడం అయ్యాక ఒక్కొక్కరు లేచి, తాము చేసిన బీడీల్లోంచి ఒక పిడికెడు తీసి ఆమె చాటలో వేసేవాళ్ళు. చదివింది నచ్చితే పిడికిలి పెద్దది, నచ్చకపోతే చిన్నది. అమ్మను మేం అవ్వ అంటాం; మా అవ్వ మాత్రం ఎప్పుడూ రెండు చేతులతో వేసేది.

పెద్దమ్మకు ఒక కట్టుబాటు ఉండేది. పేపరు రాగానే మొదటి పేజీ మడిచి కింద వేసుకుని, దాని మీద దర్జాగా కూర్చునేది. ముందు జిల్లా పేజీ చదవాలి. ఎక్కడ కరెంటు లేదు, ఏ దవాఖానలో డాక్టరు లేడు, ఏ ఊరికి బస్సు బందైంది, ఇవన్నీ అయ్యాకే మిగతావి. ఎవరైనా ఆగలేక, "హైదరాబాద్‌ల గా మంత్రులు తిట్టుకున్నరట గదా, గది సదువు కిష్టక్కా" అంటే కస్సుమనేది.

"పెద్దోళ్ళ కొట్లాట యాడికి పోతదే? పొద్దుగూకినా గట్లనే ఉంటది. మన బోరింగ్ ముచ్చట ముందుగాల ఇను."

బోరింగ్ అంటే గుర్తొచ్చింది. ఒక ఎండాకాలం మా వాడలో నీళ్ళు కొట్టుకునే బోరింగ్ పంపు చెడిపోయింది. ఎక్కడో ఆడవాళ్ళు ఆఫీసు ముందు కూర్చుంటే పని అయిందని పెద్దమ్మ జిల్లా పేజీలో చదివింది. మర్నాడే అందరూ చాటలతో పోయి మండలాఫీసు వరండాలో బీడీలు చేయడం మొదలుపెట్టారు. నినాదాల్లేవు, జెండాల్లేవు. తంబాకు ఘాటుకు లోపల ఆఫీసరు తుమ్మి తుమ్మి బయటికొచ్చి, "అమ్మా, మీకో దండం, పోండి, మెకానిక్‌ను పంపిస్తా" అన్నాడట. ఆ సాయంత్రమే నీళ్ళొచ్చాయి. నేను ఆ నీళ్ళు తాగి పెరిగినదాన్ని.

తరువాత షెడ్డులోకి టీవీ వచ్చింది. ఆ తరువాత ఇంటింటికీ ఫోన్లు వచ్చాయి. పెద్దమ్మ చాటలో పడే పిడికిళ్ళు చిన్నవై, మెల్లగా ఆగిపోయాయి. ఆమె పేపరు మాన్పించేసి, ఇంటి అరుగు మీద ఒక్కతే కూర్చుని బీడీలు చేసుకుంది.

పోయిన వానాకాలం వాగు మీది వంతెన కొట్టుకుపోయింది. బడి, బస్సు రెండూ అవతలి ఒడ్డునే. పెద్దమ్మ కొడుకు లక్ష్మణ్ దుబాయిలో ఉంటాడు. అతని బిడ్డ భవ్యశ్రీ పదో తరగతి. చుట్టు తిరిగి పోదామంటే ఆటోలు రావు. పిల్ల ఇంట్లోనే ఉండిపోయింది. "గిట్లయితే పరీక్షకు కూసోనియ్యరట. ఇగ బీడీలు నేర్సుకోవాల్నా నానమ్మా?" అని అడిగిందట. ఆ మాట ఫోన్లో నాకు చెబుతూ పెద్దమ్మ ఏడ్చింది. ఆమె ఏడుపు వినడం నాకు అదే మొదలు.

ఊరు మాత్రం వాగు మాటే ఎత్తలేదు. ఆ వారమే ఒక పెద్ద నాయకుడు సభలో ఇంకో నాయకుణ్ణి గాడిద అన్నాడు. ఇక చూడండి! టీవీల్లో అదే, ఫోన్లలో అదే. మా ఊళ్ళో రెండు పార్టీల వాళ్ళూ వాగు ఒడ్డునే నిలబడి, తెగిన వంతెన వైపు చూడనైనా చూడకుండా, ఆ గాడిద గురించి చొక్కాలు చించుకున్నారు. నవ్వాలో తల బాదుకోవాలో!

అప్పుడే ఓంప్రకాశ్ అనే టీవీ విలేకరి బండి మీద చుట్టు తిరిగి వచ్చాడు. "గా మాట మీద మీరేమంటరమ్మా?" అని పెద్దమ్మ ముందు మైకు పెట్టాడు. మర్యాదగా అడిగాడు కదా అని ఆమె ముందు దానికే జవాబిచ్చింది. "గట్ల తిట్టేటోళ్ళకు సిగ్గుండాలె" అంది. ఆ తరువాత వాగు గురించీ పిల్ల చదువు గురించీ ఆయాసపడుతూ చాలాసేపు చెప్పింది. సాయంత్రం టీవీలో ఆ మొదటి ముక్క ఒక్కటే వచ్చింది. వాగు లేదు, భవ్యశ్రీ లేదు. తెల్లారేసరికి పెద్దమ్మ ఏ పార్టీ మనిషన్న దాని మీద ఊరు మళ్ళీ రెండైంది.

ఆదివారం నేను చుట్టు తిరిగి ఊరికి పోయాను. పెద్దమ్మ అరుగు మీద తల పట్టుకుని కూర్చుంది.

"నా బుద్ధి గడ్డి తిన్నదే రమా," అంది. "ఇన్నేండ్లు పెద్దోళ్ళ కొట్లాట ఆఖరికని మిమ్ముల గదిమిన. మైకు మొకం ముంగట వెట్టంగనే నేనే గది ముందుగాల సెప్పిన."

"వాడు కోసేసిండు పెద్దమ్మా. నీ తప్పేమున్నది?"

"కొయ్యనీకె ముక్క నేనే ఇచ్చిన గదనే!"

నేను సముదాయించబోతే వినలేదు. కాసేపటికి లేచి, చాట చంకన పెట్టుకుని మా అవ్వను కేకేసింది. మా అవ్వ వచ్చింది, వెనక ఇంకో నలుగురు పాతవాళ్ళు వచ్చారు. తెగిన వంతెన అంచున కూర్చుని బీడీలు చేయసాగారు. సంగతి తెలిసి ఓంప్రకాశ్ మళ్ళీ వచ్చాడు. మండలంలో ఉండే ఒక పేపరు విలేకరి కూడా వచ్చి ఓ పక్కన నిలబడ్డాడు.

"మీదే పార్టీ అమ్మా?" అన్నాడు ఓంప్రకాశ్.

"వంతెన కొట్టుకపోయింది. పిల్ల బడికి పోతలేదు."

"మరి గాడిద అన్నాయన మాఫీ అడగాల్నా?"

"వంతెన కొట్టుకపోయింది. పిల్ల బడికి పోతలేదు."

మా అవ్వను అడిగితే మా అవ్వా అదే చెప్పింది. మిగతావాళ్ళూ అదే. విసిగిపోయి అతను కెమెరా పెద్దమ్మ ముఖం దగ్గరికి తెచ్చాడు.

"నా మొకమెందుకురా? గా వాగు తియ్యి!" అని కసిరింది.

టీవీలో ఏమీ రాలేదు. కోయడానికి ముక్క దొరకలేదేమో.

మర్నాడు పాలు పోయడానికి బండి మీద చుట్టు తిరిగి అవతలికి పోయినాయనతో పెద్దమ్మ పేపరు తెప్పించింది. అందరూ అరుగు మీదికి చేరారు. పెద్దమ్మకు ఇప్పుడు అక్షరాలు ఆనడం లేదు, భవ్యశ్రీ చేతికిచ్చింది. మొదటి పేజీ నిండా ఆ నాయకులిద్దరే ఉన్నారు. పిల్ల అక్కణ్ణుంచే మొదలుపెట్టబోయింది.

"అది కిందేసుకొని కూసో. ముందు జిల్లా పేజీ."

జిల్లా పేజీలో ఒక మూల చిన్న వార్త. పెద్దమ్మ పేరు లేదు, ఫోటో లేదు. వాగు ఉంది. వంతెన లేక పిల్లలు బడికి పోవడం లేదని ఉంది. భవ్యశ్రీ చదివింది. పెద్దమ్మ ఇంకోసారి చదివించుకుంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అచ్చం ఆ పాత షెడ్డులో కూర్చున్నట్టే ఉంది.

మా అవ్వ అలవాటుగా రెండు చేతుల నిండా బీడీలు తీసుకుని లేచింది. పిల్ల దగ్గర చాట లేదు. ఒళ్ళో వేయబోతే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"దాని ఒళ్ళె బీడీలు వెయ్యకు. రేపు చుట్టు తిరిగైనా సరే, అందరు చాటలు వట్టుకొని మండలాఫీసుకు రాండ్రి. గదే దానికి మీరిచ్చే కూలి."