నేను తోమేసిన నీలిరంగు

నా మాట ఎవరూ వినరు. పంచాయతీలో వినలేదు, కరెంటాఫీసులో వినలేదు, చెరకు తూకం దగ్గరా వినలేదు. ఇన్నేళ్ళలో మా ఊరు నమ్మిన నా ఫిర్యాదు ఒక్కటే. అది అబద్ధం. ఆ బరువు లోపల పెట్టుకునే మిగతా అన్నిటికీ న్యాయం అడుగుతూ తిరిగాను. మీరైనా వినండి. మధ్యలో లేచి వెళ్ళకండి.

కనకమ్మ సత్రం దాటి తిరుత్తణి వైపు వెళ్ళే దారిలో ఒక ఆచారి కొలిమి ఉండేది. లారీ స్ప్రింగు పట్టీలతో చెరకు నరికే కత్తులు చేసేవాడు. అతని పని చూస్తూ నేను కోపాలు కూడా మరిచిపోయేవాణ్ణి. ఇనుము ఎర్రబడగానే కొట్టడు. ఆ ఎరుపు పోయి నారింజపండు రంగు వచ్చేదాకా ఆగుతాడు. అప్పుడది సుత్తి కింద మైనంలా సాగుతుంది. ఆకారం వచ్చాక మళ్ళీ కాల్చి అంచు మాత్రమే నీళ్ళలో ముంచుతాడు. అంచు గాజులా గట్టిపడుతుంది, అలాగే వదిలేస్తే గాజులాగే విరుగుతుంది. అందుకే అంచును రాతితో రుద్ది మెరిపించి, కత్తి వీపులో మిగిలిన వేడి మెల్లగా అటు పాకడం చూస్తూ కూర్చుంటాడు. ముందు ఎండుగడ్డి రంగు, తరువాత తేనె రంగు. తేనె రంగు అంచును తాకగానే మళ్ళీ నీళ్ళలోకి. ఇంకొంచెం ఆగితే వంకాయ రంగు, ఆ పైన నీలం. నీలం వచ్చిందంటే కత్తి మెత్తబడినట్టే. అలాంటి కన్ను నేను మరెక్కడా చూడలేదు.

మరి అలాంటి మనిషికి ద్రోహం ఎందుకు చేశాను? ఒకరోజు నా తరువాత వచ్చినవాడి గడ్డపార ముందుగా కాలిందని దాన్నే ముందు కొట్టాడు. అడిగితే, "కాలిన ఇనుము ఆగదు మామా, మనిషైతే ఆగతాడు," అన్నాడు. అక్కడున్నవాళ్ళు నవ్వారు. నేను మరిచిపోలేదు.

కొన్నాళ్ళకు అతను చేసిచ్చిన నా కత్తి పిడి విరిగింది. చెక్కముక్క పిడి దూర్చే ఇనుప గొట్టంలో ఇరుక్కుపోయింది. కాల్చి తీద్దామని కత్తిని మొత్తంగా నీళ్ళు కాచే పొయ్యిలో దోపి, మోటారు వేయడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి చెక్క బూడిదైంది, కత్తి నిండా నీలం. దాని అర్థం నాకు తెలుసు. వెళ్ళి చెప్పి ఉంటే మళ్ళీ కాల్చి సరిచేసి ఇచ్చేవాడు. నవ్వేవాడు కూడా. ఆ నవ్వే నాకు వద్దు. ఇటుకముక్కతో నీలాన్ని తోమేశాను. మొదటి చెరకు గడకే అంచు మడతపడింది. కోతకూలీలు కొలిమి దగ్గర గుమిగూడే వేళ చూసుకుని దాన్ని పట్టుకెళ్ళాను.

"ఏం ఆచారీ, నీ కత్తి చెరుకును చూసి వంగి దండం పెడతా ఉండాదే," అన్నాడు కూలీల మేస్త్రీ.

ఆచారి కత్తిని తిప్పి చూశాడు. గొట్టం మొదట్లో ఇటుకముక్క దూరని సందు ఒకటుంది. అతని బొటనవేలు అక్కడ ఆగింది.

"మామా, దీన్ని యాడన్నా నిప్పులో పెట్టినారా?"

"నేనెందుకు పెడతా? నీ ఇనుమే మట్టి," అన్నాను.

నా ముఖం చూశాడు. "సరి మామా. ఇంకోటి చేసిస్తా." అంతే.

మేస్త్రీ ఆ మాటను ప్రతి చెరకు తోటకూ మోశాడు. కూలీలు తిరుత్తణి బజారు కత్తులకు మళ్ళారు. కొలిమి ఆరిపోయింది. ఇప్పుడతను కాట్టుపల్లిలో ఓడలు కట్టేచోట కాంట్రాక్టు కింద గ్యాసుతో ఇనుపరేకులు కోస్తున్నాడు. అతను చేసిచ్చిన రెండో కత్తితోనే ఇప్పటికీ నా తోట కోయిస్తున్నాను. అంచు చెక్కుచెదరలేదు. దాన్ని పట్టుకున్న ప్రతిసారీ, ఇంత మంచి పని చేసే చేతిని ఊరికి కాకుండా చేసింది నువ్వే కదా అని నన్ను నేనే అడుగుతాను.

సెలవుకు వచ్చినప్పుడు బస్సు దిగి, "బాగుండారా మామా," అని దాటిపోతాడు. అది మన్నింపా? అసహ్యమా? లేక నేను మాట్లాడదగ్గ మనిషినే కాననా? తప్పు నాది, అయినా అతను నన్ను పట్టించుకోలేదన్న కోపం పోదు. మన్నించమని అడగడం లేదు. కత్తిని నేనే పొయ్యిలో పెట్టాను, నేనే తోమాను. ఇంతవరకూ రాశాక ఇవాళ అన్నం సహించింది.

ఆచారీ, నీ వేలి కింద నీలం నీకు కనిపించింది. మేస్త్రీ ముందు ఆ ఒక్క మాట అని ఉంటే నీ కొలిమి నిలిచేది. ఎందుకు అనలేదు? ఈసారి బస్సు దిగినప్పుడు నా క్షేమం అడగవద్దు. అక్కడే, అందరి ముందూ, దీనికి జవాబు చెప్పు.