ఎత్తి విసరలేని కంప్యూటర్

ల్యాప్‌టాప్ ఇంకా గాల్లో ఉండగానే ఆయనకి అర్థమైపోయింది, ఇది స్టాప్లర్ విసిరినట్టు కాదని. కానీ చేతిలోంచి వెళ్లిపోయాక అర్థమై ఏం లాభం? అది తలుపు చట్రానికి తగిలి రెండు ముక్కలైంది. కీబోర్డున్న ముక్క కిందపడింది. తెర ఉన్న ముక్క మాత్రం, సరిగ్గా అప్పుడే నాన్న కళ్లజోడు తెచ్చిద్దామని తలుపు తోసిన పదకొండేళ్ల పిల్ల కనుబొమ్మని చీల్చుకుంటూ పోయింది.

ఆయన ఇళ్ల ప్లాన్లు గీస్తాడు. ముందుగదే ఆఫీసు. వీధిలో ఆయనకి విసుర్రాయి అని పేరు, ఆయన వినకుండా. పిండి విసిరే రాయి చప్పుడు గడప దాటదు. ఈ రాయి విసిరేది పిండిని కాదు కాబట్టి నాలుగిళ్ల దాకా వినపడేది. పదిహేనేళ్ల సంసారంలో మూడు ఫోన్లు, రెండు స్టాప్లర్లు, నిండు నీళ్ల సీసా, ఒక ఉక్కు స్కేలు ఆ గదిలో గాల్లోకి లేచాయి. స్కేలు గోడకి కత్తిలా గుచ్చుకుని కాసేపు ఊగింది కూడా. 'మనుషుల మీద మాత్రం ఏనాడూ చెయ్యెత్తలేదు' అని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. ఆ రోజుతో ఆ గొప్ప కూడా పోయింది.

నాలుగు కుట్లు పడ్డాయి. ఆస్పత్రి వరండాలో పాప అరుపులు వింటూ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. బావమరిది వచ్చాడు. వెల్డింగ్ పని చేస్తాడతను. ఇనప గేట్లు ఒంటి చేత్తో ఎత్తే మనిషి.

"బావా" అని మర్యాదగా పిలిచాడు.

ఆయన తలెత్తాడు. చెంప ఛెళ్లుమంది. కళ్లజోడు ఎగిరి, ఎవరో పెద్దాయన చెప్పుల దగ్గర పడింది. ఒక అద్దం ఉంది, రెండోది లేదు.

"ఇంకోటి కొట్టేవాడినే. అక్క చూస్తోందని ఆగాను" అన్నాడు బావమరిది.

"నేనేం ఆపలేదే!" అంది అక్క.

ఇంటికొచ్చాక ఆవిడ ఒకే ఒక్క మాట చెప్పింది. "ఇంకొక్క వస్తువు ఈ ఇంట్లో గాల్లోకి లేచిందంటే, దాని వెనకే నేనూ నా కూతురూ లేస్తాం."

పాప ఆ రోజు నుంచీ ముందుగదిలోకి రావాలంటే తలుపు బయటే ఆగి అడిగేది. "నాన్నా, చేతిలో ఏముంది?" ఆయన "ఏం లేదమ్మా" అంటే వచ్చేది. "పెన్సిలు" అంటే, "కింద పెట్టు" అనేది. చెంపదెబ్బ రెండ్రోజుల్లో మానిపోయింది. ఈ ప్రశ్న మాత్రం రోజూ కొత్తగానే తగిలేది.

కంప్యూటర్ లేకపోతే పని నడవదు కదా. ఇంకోటి కొనాలి.

"తప్పంతా నాది కాదు. ఆ రకం సిస్టమే అంత. గీత గీస్తుంటే మధ్యలో బిగుసుకుపోతుంది. వేరే సిస్టం కంప్యూటర్లున్నాయి, అవి బిగుసుకుపోవట. దానికి మారిపోదాం" అన్నాడాయన.

"మరి స్టాప్లర్ కూడా బిగుసుకుపోయిందా?"

"అది నిజంగానే బిగుసుకుపోయింది."

భార్య అదోలా చూసింది. "ఏ సిస్టమైనా కొనుక్కోండి. ఒళ్లో పెట్టుకునేది మాత్రం వద్దు. బల్ల మీద కూర్చునేది కొనండి. ఎత్తలేనిది."

అలా ఆయన జీవితంలో మొదటి డెస్క్‌టాప్ కోసం ఆయనా, భార్యా, బావమరిదీ బయల్దేరారు. బావమరిది ఎందుకంటే, అతనికి బరువులు తెలుసు.

షాపులో అమ్మాయి అందమైన తెర ఒకటి చూపించింది. "కంప్యూటర్ మొత్తం తెరలోనే ఉంటుంది సార్. ఎంత పల్చగా ఉందో చూడండి, ఒక్క చేత్తో ఎత్తేయొచ్చు!"

"వద్దు" అంది భార్య.

అమ్మాయి కంగారుపడి పెద్ద ఇనప పెట్టెలాంటిది చూపించింది. భార్య మొహం విప్పారింది. అంతలోనే అమ్మాయి, "బరువనుకోకండి మేడమ్, పట్టుకోడానికి పైన పిడులున్నాయి" అంది.

"పిడులు కూడానా! అమ్మో!"

మూడోది అరచేతిలో పట్టే చిన్న పెట్టె. బావమరిది దాన్ని తీసుకుని, బంతిలా ఎగరేసి పట్టుకున్నాడు. అమ్మాయి కింద రెండు చేతులూ చాపింది. "బావా, ఇది నీ చేతికి కొలతలు తీసి చేసినట్టుంది" అన్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పక్కన నిలబడ్డ కుర్రజంట ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు.

"మీకసలు ఎలాంటిది కావాలి సార్?"

ఆయన పక్కనున్న ప్రింటర్ ధర చీటీ చదవడం మొదలుపెట్టాడు. బావమరిదే అన్నాడు, "అక్కా, ఇదే కొనండి. చిన్నదైతే గోడకి పంజరం కట్టడం తేలిక."

అమ్మాయి తీగ లేని మౌస్ ఇవ్వబోయింది. "తోక ఉన్నదే ఇవ్వమ్మా, దూరం పోకుండా ఉంటుంది" అంది భార్య.

మర్నాడు నిప్పురవ్వలు ఎగజిమ్ముతూ పని జరిగింది. చిన్నపెట్టె గోడకి ఇనప పంజరంలో ఇరుక్కుంది. తెర గోడకి బిగిసింది. కీబోర్డు చుట్టూ ఇనప పట్టీ, బల్లకి నాలుగు బోల్టులు. బావమరిది చేతులు దులుపుకున్నాడు. "ఇక నువ్వు విసరాలంటే గోడతో సహా విసరాలి బావా."

మూడో రోజు మధ్యాహ్నం. రిటైరైన లెక్కల మాస్టారొకాయన ఫోన్ చేసి, తన ఇంటి ప్లాన్లో మెట్లు మళ్లీ ఎడమ పక్కకి జరపమన్నాడు. పదకొండోసారి. ఈయన ఫోన్‌ని రెండు చేతులతో, పసిపిల్లని పడుకోబెట్టినట్టు, మెల్లగా బల్లమీద పెట్టాడు. ఆ మెల్లదనం చూస్తే తెలిసినవాళ్లెవరైనా పరిగెత్తేవాళ్లు.

మెట్లు జరిపాడు. గోడ తప్పు పడింది. చెరిపేద్దామని చిటికెనవేలితో కంట్రోల్ మీట నొక్కాడు. చెరగలేదు. ఈ కొత్త సిస్టంలో కంట్రోల్ ఉన్నచోటే ఉంది గానీ, దాని మాట ఎవరూ వినరు. పెత్తనమంతా అదే వరసలో ఉన్న కమాండ్ అనే మీటది. ఆ సంగతి మనిషికి తెలుసు. ఇరవయ్యేళ్ల అలవాటున్న చిటికెనవేలికి తెలియదు. మళ్లీ నొక్కాడు. మళ్లీ. మళ్లీ.

పిడికిలి బిగిసింది. ఒక్క గుద్దు. మీటలు పళ్లలా రాలాయి. ఇంకో గుద్దుకి మెటికలు చిట్లాయి. లేచి పంజరం పట్టుకుని గుంజాడు. గోడ సున్నం తలమీద రాలింది గానీ పంజరం కదల్లేదు. బల్లని తన్నాడు. కాలి బొటనవేలు కమిలింది. ఆ కంప్యూటర్‌లో బిగించకుండా మిగిలింది ఒక్క మౌసే. దాన్ని పట్టుకుని, పళ్లు కొరుకుతూ, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరాడు.

దానికి తోక ఉంది. తోక బిగుసుకునేదాకా వెళ్లి, అంతే వేగంతో వెనక్కొచ్చి, ఆయన ముక్కు మీద కూర్చుంది. చిటుక్కుమని చప్పుడు. కీబోర్డు మీద రక్తం బొట్లుబొట్లుగా పడింది.

తలుపు బయట అడుగులు ఆగాయి.

"నాన్నా, చేతిలో ఏముంది?"

చూసుకున్నాడు. ఎడమచేతి నిండా ముక్కు నెత్తురు. కుడిచేతిలో, ఎప్పుడు ఏరుకున్నాడో, రాలిన మీట ఒకటి. బొటనవేలితో తుడిచి చదివాడు.

"కంట్రోల్" అన్నాడు.

తలుపు జానెడు తెరుచుకుంది. పాప ఆ ముక్కునీ, కింద వేలాడుతున్న మౌస్‌నీ చూసింది.

"గాల్లోకి లేచిందా?"

లేదనొచ్చు. సాక్షులెవరూ లేరు.

"లేచింది" అన్నాడు. "తిరిగొచ్చింది."

పాప మీట అడిగి తీసుకుంది. లోపలి గదిలో అలమరా మీంచి సూట్‌కేస్ దింపిన చప్పుడు వినపడింది. "ఎవరికి తగిలిందని కాదండీ, లేచిందా లేదా అని" అంది భార్య గడప దగ్గర, ఆయనకి దూది అందించి. అన్నమాట ప్రకారం వాళ్లు బావమరిది ఇంటికి వెళ్లిపోయారు.

ఎనిమిది రోజులు. ఊడిన మీటలన్నీ తిరిగి అతికించుకున్నాడు. ఒక్కచోట మాత్రం బోసి. చిటికెనవేలు అలవాటుగా ఆ బోసి గుంటలో పడినప్పుడల్లా ఉలిక్కిపడి ఆగేవాడు. ఆగి, కమాండ్ నొక్కేవాడు. మాస్టారు మెట్లు పన్నెండోసారి జరిపించాడు. జరిపాడు. ముక్కు వంకరగానే అతుక్కుంది. ఏదీ గాల్లోకి లేవలేదని బావమరిదికి రోజూ ఫోన్ చేసి చెప్పేవాడు. అతను నమ్మక, రెండుసార్లు చెప్పకుండా వచ్చి కిటికీలోంచి చూసి పోయాడు.

తొమ్మిదో రోజు వాకిట్లో సూట్‌కేస్ దింపిన చప్పుడు, తలుపు బయట అడుగులు.

"నాన్నా, చేతిలో ఏముంది?"

ఆయన లేచి వెళ్లి, తలుపు సందులోంచి ఖాళీ చేతులు రెండూ బయటికి చాపాడు. మెటికలమీద పుండ్లు ఎండుతున్నాయి. కాసేపటికి ఒక చేతిలో చిన్నదేదో పడింది.

"ఈ కంప్యూటర్‌లో దాంతో నీకు పనేం లేదట కదా, మామయ్య చెప్పాడు" అంది పాప.

"లేకపోయినా ఉండనీ."

ఇద్దరూ కూర్చుని అతికించారు. అది మాత్రం సరిగ్గా అతకలేదు. ఇప్పటికీ కాస్త గట్టిగా నొక్కితే ఊడి చేతిలోకొచ్చేస్తుంది. పాప ఇప్పటికీ ఆ ప్రశ్న అడుగుతుంది. కాకపోతే ఈమధ్య తలుపు తోసుకుంటూనే అడుగుతోంది.