కండక్టరమ్మ పొయ్యి రాజేసింది

ఆ వీధిలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేరు. సిటీ బస్సులో టికెట్లు కొట్టినన్నాళ్ళూ కండక్టరమ్మే, ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా కండక్టరమ్మే. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు దగ్గర నిలబడి ఒక్క కేక వేసిందంటే ముందు సీట్లో దొంగ నిద్ర పోతున్నవాడు కూడా ఉలిక్కిపడి టికెట్ తీసుకునేవాడు. భర్త పోయాక ఒక్కగానొక్క కొడుకుని ఆ గొంతుతోనే పెంచుకొచ్చింది. వాడు ఎలక్ట్రీషియన్ అయ్యాడు. కోడలు మందుల షాపులో పనిచేస్తుంది. ముగ్గురూ ఉండేది పై అంతస్తులో, నెత్తిమీద డాబా తప్ప ఇంకేమీ లేని ఇంట్లో.

పక్షవాతం ఆమెను వంటింట్లో, పొయ్యి ముందే పడగొట్టింది. మాట బతికి బయటపడింది. నడక కాస్త ఈడ్చుకుంటూ తిరిగొచ్చింది. కుడి చెయ్యి మాత్రం భుజానికి తగిలించిన సంచిలా వేలాడుతూ ఉండిపోయింది.

ఆసుపత్రి నుంచి తీసుకొచ్చాక కొడుకు ఒక ఏర్పాటు చేశాడు. పనికి వెళ్ళేముందు స్టవ్ నాబులు ఊడబీకి జేబులో వేసుకునేవాడు. మధ్యాహ్నం భోజనం హాట్‌బాక్సులో సిద్ధంగా ఉండేది, పక్కనే చెంచా, నీళ్ళ సీసా, మాత్రలు. "అమ్మా, నువ్వు దేనికీ లేవక్కర్లేదు" అని రోజూ చెప్పి మరీ వెళ్ళేవాడు. మొదట్లో ఆమెకు లేచే ఓపికా లేదు. ఓపిక వచ్చేసరికి ఆ ఏర్పాటు కాస్తా ఇంటి చట్టమై కూర్చుంది.

చేతి వ్యాయామానికని ఇచ్చిన రబ్బరు బంతిని నొక్కి నొక్కి విసుగెత్తి, ఒకనాడు దాన్ని మంచం కిందికి గిరాటేసి డాబా ఎక్కింది. కొడుకు పనుల మీద వెళ్ళినచోట నుంచి తెచ్చి పడేసిన పెయింటు డబ్బాలు అక్కడ బోలెడు. కింద వాటాలో ఉండే దర్జీ మాస్టారు గొణుక్కుంటూనే మట్టి మోశాడు. మెత్తబడ్డ టొమాటోలను ఆమె ఎడమ చేత్తో పిసికి, గింజలు చల్లింది. మొలకలు వచ్చాయి. పుల్లలు గుచ్చి కట్టడానికి తాడు ఒక కొస పళ్ళతో పట్టుకుని, ఇంకో కొస చేత్తో లాగి ముడివేయడం నేర్చుకుంది. ఎండలు ముదిరేసరికి కాయలన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే ఎర్రబడ్డాయి.

ఆ ఆదివారం కొడుకు ఫోన్లో ఎవరితోనో అంటున్న మాట ఆమె చెవిన పడింది. "బానే ఉందిలే. డాబా మీద ఏవో మొక్కలు పెట్టుకుని కాలక్షేపం చేస్తోంది, చిన్నపిల్లలా." ఆ వెనకే కోడలు గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అత్తయ్యా, ఇన్ని టొమాటోలు మనమేం చేసుకుంటాం? రేపు సాయంత్రం కోసుకొచ్చి మా షాపులో వాళ్ళకి పంచేస్తా. పాపం కుళ్ళిపోతాయి కదా."

"వాటి సంగతి నేను చూసుకుంటా" అంది కండక్టరమ్మ.

"మీరెందుకండీ శ్రమపడటం" అని కోడలు నవ్వింది. ఆ నవ్వులో కల్మషం లేదు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

మర్నాడు వాళ్ళిద్దరూ గడప దాటగానే ఆమె వంటింట్లోకి నడిచింది. నాబులు లేని స్టవ్ కళ్ళు పీకేసిన మొహంలా ఉంది. దానికేసి రెండోసారి చూడలేదు. పాత కండక్టర్ సంచి మెడలో వేసుకుని ఉప్పు, కారం, వెల్లుల్లి, నూనె సీసా, అగ్గిపెట్టె అందులో సర్దింది. పొడుగు పిడి ఉన్న గిన్నెలో గరిటె వేసుకుని, గోడకు భుజం ఆనించుకుంటూ మెట్లెక్కింది. సగంలో ఆయాసం వచ్చి కూలబడింది. "ఎక్కు, ఎక్కు. బస్సు ఆగదు" అని తన్ను తానే గదమాయించుకుని లేచింది.

డబ్బాల కింద ఎత్తుకు పెట్టిన ఇటుకలు లాగి పొయ్యి పేర్చింది. మూలనున్న విరిగిన చెక్కపెట్టెను కాలితో తొక్కి పుల్లలు చేసింది. అగ్గిపెట్టెను మోకాళ్ళ మధ్య ఇరికించి గీసింది. గాలికి ఆరిపోయింది. మళ్ళీ గీసింది, మళ్ళీ ఆరింది. గాలిని ఒక మంచి తిట్టు తిట్టి, వీపు అడ్డం పెట్టి గీసేసరికి అంటుకుంది.

నూనె సీసా మూత పళ్ళతో తిప్పింది. వెల్లుల్లిని ఇటుక ముక్కతో చితక్కొట్టింది. టొమాటోలకి కత్తెందుకు? పండినవి గుప్పిట్లో బిగిస్తే చాలు, వేళ్ళ సందుల్లోంచి గుజ్జు గిన్నెలోకి జారుతోంది. రబ్బరు బంతి మీద రాని కసి ఇక్కడ వచ్చింది. చిక్కల్లా కలపడం దగ్గర వచ్చింది. ఒంటి చేత్తో గరిటె తిప్పితే గిన్నె కూడా దాంతోపాటే గిర్రున తిరుగుతోంది. కాసేపు దాన్ని గుర్రుగా చూసి, పిడికి అటొక ఇటుక, ఇటొక ఇటుక ఇరికించింది. "ఇప్పుడు తిరుగు చూద్దాం" అంది.

పొగ చూసి దర్జీ మాస్టారు రొప్పుతూ పైకొచ్చాడు.

"కండక్టరమ్మగారూ! కొంపంటుకుందనుకున్నా! లేవండి, ఆ గరిటె ఇలా ఇవ్వండి."

"మాస్టారూ, మీ మిషన్ మీద నేనెప్పుడైనా చెయ్యేశానా?"

"లేదు."

"మరి అలా కూచోండి."

ఆయన కూర్చున్నాడు. కానీ ఎదురింటివాళ్ళు ఊరుకోలేదు, కోడలికి ఫోన్ చేశారు. కోడలు కొడుక్కి చేసింది. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు పరిగెత్తుకొచ్చారు. కొడుకు వచ్చీరాగానే మొక్కలకు నీళ్ళుపోసే బకెట్ ఎత్తాడు, మంట మీద కుమ్మరిద్దామని. కండక్టరమ్మ లేచి పొయ్యికీ వాడికీ మధ్య నిలబడింది.

"పోయరా. ముందు నా మీద పోయరా."

"అమ్మా, జరుగు!"

"జరగను. ఇన్నేళ్ళు ఊరందర్నీ ముందుకి జరగమన్నా. ఇప్పుడు ఎవరు చెప్పినా నేను జరగను. నా చెయ్యి పడిపోయింది, నేను పడిపోలా. నా వంటింట్లో నాబులు పీక్కుపోవడానికి నువ్వెవడివిరా?"

వాడు బకెట్ దించలేదు. "నేనెవడినా? నువ్వు పడున్నప్పుడు తలుపు తీసినవాణ్ణి. అప్పుడు పొయ్యి మీద నూనె మండుతోంది. నీ బట్టలకి ఇంత దూరంలో ఉంది మంట. ఒక్క నిమిషం ఆలస్యమైతే..." అని మంటకేసి చూశాడు. "ఇప్పటికీ ఎవరింట్లోనైనా తాలింపు వాసనొస్తే పని ఆపి బయటికొచ్చేస్తా."

ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. మెలకువ వచ్చేసరికి ఆసుపత్రి మంచం మీద ఉంది, అంతే. ఎదిగిన కొడుకు బకెట్ పట్టుకుని ఏడుపు మింగుకుంటూ నిలబడ్డాడు. చెయ్యెత్తి వాడి చెంప తుడిచింది. అయినా పక్కకు మాత్రం జరగలేదు.

"భయపడరా. వద్దనను. కానీ నీ భయానికి నన్ను ఖైదు చెయ్యకు. ఇక్కడే నా పక్కన కూచుని భయపడు. నేను కలుపుకుంటా."

కొడుకు బకెట్ దించి, ఇటుక మీద చతికిలబడ్డాడు. కోడలు గిన్నెలోకి తొంగిచూసి, "అడుగంటుతోంది అత్తయ్యా!" అని అరిచింది.

"మీ గొడవలో అంటింది. అంటనీ."

గుజ్జు దగ్గరపడి నూనె తేలేదాకా ఎవరూ కదల్లేదు. కోడలు కిందికెళ్ళి రొట్టెలు తెచ్చింది. నలుగురూ డాబా మీదే, ట్యాంకు నీడలో తిన్నారు. కాస్త మాడు వాసన వచ్చింది. దర్జీ మాస్టారు మారు అడిగాడు. కొడుకు గిన్నె తుడిచి మరీ తిన్నాడు.

మర్నాడు వాడు ఒక నాబు బిగించి వెళ్ళాడు, చిన్న మంటది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. మళ్ళీ డాబా ఎక్కి పుల్లలు రాజేసింది. ఎదురింటివాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. అన్ని నాబులూ తిరిగొచ్చాకే ఆమె పొయ్యి డాబా దిగింది. పనిలోంచి వాడు ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టి, "ఇప్పుడు నూనె వేస్తున్నా, భయపడుతున్నావా?" అని అడిగేది. "పడుతున్నా" అనేవాడు. "పడు" అనేది.

టొమాటోలు ఆ వేసవంతా కాస్తూనే ఉన్నాయి. సీసాల నిండా గుజ్జు కోడలి షాపుకి వెళ్ళింది. కుడి చెయ్యి మాత్రం బాగుపడలేదు.

ఒక సాయంత్రం కోడలు పని నుంచి అలసిపోయి వచ్చి, ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఏంటత్తయ్యా ఇది, ఇంతుప్పు! నోట్లో పెట్టుకోలేకపోతున్నా."

కొడుకు కంగారుగా పెళ్ళాం వైపు చూశాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ ఇంట్లో ఆమెకు ఎవరూ వంక పెట్టింది లేదు. ఏం చేసినా "బాగుంది, బాగుంది" అనేవాళ్ళే. కండక్టరమ్మ మొహం వెలిగిపోయింది. వడ్డించుకున్న కంచం ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"నీళ్ళు తాగి తిను" అంది.