రెండో సీసా

మా కెమిస్ట్రీ మేడం దేన్నైనా చూసేముందు కొంగుతో తుడిచేవారు. భిలాయిలో స్టీల్ ప్లాంటు ఎర్రదుమ్ము అన్నిటిమీదా పేరుకునేది మరి. తొంభైల్లో ఆవిడ టైటానియం డయాక్సైడ్ పొడిని వేళ్లకి తగలనంత మెత్తగా నూరి, నీళ్లలో కలిపి కాలేజీ డాబామీద ఎండలో పెట్టేవారు. వెలుతురుతో నీళ్లలోంచి హైడ్రోజన్ తీయాలని ఆవిడ పట్టుదల.

ఒకరోజు ప్రిన్సిపాల్ చూడ్డానికొచ్చారు. సీసా గోడలనిండా బుడగలు.

"వాహ్ మేడం! వచ్చేసింది కదా! ఈ ప్రయోగానికి ఎండ బదులు మీరడిగిన ల్యాంపు సాంక్షన్ చేసేస్తాను."

మేడం పక్కనున్న రెండో సీసా అందించారు. పొడి కలపని ఉత్త నీళ్లు. అందులోనూ అవే బుడగలు.

"ఎండకి నీళ్లలో ఉన్న గాలే పైకొస్తంది సార్. మనది ఇంకా రాలేదు."

ల్యాంపు రాలేదు. నాకు ఒళ్లు మండింది.

"అది చూపించకపోతే ఏటయ్యేది మేడం?"

"మరి దాన్ని పెట్టుకోడం దేనికే?" అంటూ ఆవిడ ఆ రెండో సీసాని కొంగుతో తుడిచారు.